చెన్నైకి కాంట్రాస్ట్ సీటీ కోసం వస్తున్నారా? ముందురోజు నుంచి తిరిగి రైలెక్కేదాకా చూసుకోవాల్సినవి

మాది గూడూరు. చెన్నైలో సీటీ టెక్నీషియన్‌గా చేస్తూ పదేళ్ళు దాటింది. కాంట్రాస్ట్ సీటీ అంటే చేతి నరంలోకి కాంట్రాస్ట్ అనే అయోడిన్ మందు ఎక్కించి తీసే స్కాన్. మా దగ్గరికి పొద్దున్నే వచ్చేవాళ్ళలో సూళ్ళూరుపేట, నాయుడుపేట, నెల్లూరు, శ్రీకాళహస్తి వైపు వాళ్ళు చాలామంది ఉంటారు, చీకటితో రైలెక్కి సెంట్రల్లో దిగో, బస్సులో మాధవరం వరకు వచ్చో, ఫైలు చంకలో పెట్టుకుని నేరుగా వచ్చేస్తారు. లోపల తెలుగు మాట వినపడగానే వాళ్ళ మొహంలో వచ్చే ధైర్యం చూస్తే నాకు కడుపు నిండిపోతుంది. కానీ నేను డ్యూటీలో లేని రోజు ఎట్టా? ఫారం ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటుంది, ఇక్కడ సంతకం పెట్టండి అంటే పెట్టేస్తారు, అలర్జీ ఉందా అంటే ఏం లేదంటారు, కిడ్నీ ప్రాబ్లం ఉందా అంటే ఏం లేదంటారు, అన్నిటికీ ఒకటే జవాబు. అందుకే ఇదంతా రాస్తున్నా. మందు ఎక్కించే మా ఇంజెక్టర్ మెషిన్ ఎంత కొత్తదైనా సరే, మీ ఒంట్లో సంగతి మీరు నోరు తెరిచి చెప్పకపోతే మాకు తెలిసే దారి లేదు.

అసలు ఆ మందు ఎందుకు ఎక్కిస్తారు

ఎక్స్‌రేలో ఎముక తెల్లగా కనపడేది అందులో కాల్షియం కిరణాల్ని బాగా అడ్డుకుంటుంది కాబట్టి. లివరు, పేగు, రక్తనాళం, గడ్డ ఇవన్నీ ఎక్స్‌రేకి దాదాపు ఒకేలా ఉంటాయి, బూడిదరంగు మీద బూడిదరంగు. ఈ మందులో ఉండే అయోడిన్ అణువు బరువైనది, దాని అటామిక్ నంబర్ 53, అది రక్తంలో కలిసి ఎక్కడెక్కడికి పోతే అక్కడ తెల్లగా వెలుగుతుంది, అప్పుడు గడ్డకి రక్తం ఎట్టా అందుతోంది, నాళం ఎక్కడ మూసుకుంది అనేది డాక్టరుకి తెలుస్తుంది. గొంతు, పొట్ట చూడ్డానికి తాగించే బేరియం కూడా ఇదే లెక్క, దాని నంబర్ 56. జనం డై అంటారు గానీ ఇందులో రంగు ఏమీ లేదు, నీళ్ళలాగే ఉంటుంది, కాస్త చిక్కగా ఉంటుంది, అందుకే ఎక్కించే ముందు ఒంటి వేడికి దగ్గరగా వెచ్చబెడతాం.

పాతకాలం మందులు రక్తం కన్నా చాలా గాఢంగా ఉండేవి, దానివల్ల వాంతులు, నొప్పి, రియాక్షన్లు ఎక్కువ. 1960ల చివర్లో స్వీడన్‌లో టార్‌స్టెన్ ఆల్మెన్ అనే రేడియాలజిస్టు (స్కాన్లు చూసి చెప్పే డాక్టరు), ఉప్పులాగా రెండుగా విడిపోని మందు తయారుచేస్తే ఈ గాఢత తగ్గుతుంది కదా అని ఆలోచన పెట్టాడు, ఇప్పుడు మనం వాడే అయోహెక్సాల్, అయోపమిడాల్, అయోప్రొమైడ్, అయోడిక్సనాల్ లాంటివన్నీ ఆ దారిలో వచ్చినవే. తేడా ఎంతంటే, జపాన్‌లో 3 లక్షల మందికి పైగా పేషెంట్లని చూసి 1990లో వేసిన లెక్కలో, తీవ్రమైన రియాక్షన్ పాత రకం మందుతో పదివేల మందిలో 22 మందికి వస్తే కొత్త రకంతో నలుగురికి వచ్చింది. అంటే భయపడి స్కాన్ మానుకోవాల్సినంత ప్రమాదం కాదు. కానీ ఆ నలుగురిలో ఒకరు మనింటి మనిషి అయితే ఏం చేయాలో ముందే తెలిసుండాలి.

బుక్ చేసేటప్పుడే ఫోన్లో చెప్పాల్సినవి

ఇది అందరూ వదిలేసే స్టెప్పు, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది. ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్టాంటి మందు ఎక్కించినప్పుడు దద్దుర్లు లేచినా, మొహం ఉబ్బినా, ఆయాసం వచ్చినా ఆ మాట టేబుల్ మీద పడుకున్నాక కాదు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పాలి. ఎందుకంటే ఒకసారి రియాక్షన్ వచ్చిన మనిషికి మళ్ళీ వచ్చే అవకాశం మామూలు మనిషి కన్నా సుమారు ఐదురెట్లు ఎక్కువ. అట్టాంటివాళ్ళకి డాక్టర్లు రెండు పనులు చేస్తారు, ఒకటి పోయినసారి వాడిన మందు కాకుండా వేరే మందు వాడటం, రెండు ముందుగా స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వడం. ఆ మాత్రలు ఎక్కువగా వాడే పద్ధతిలో స్కాన్‌కి 13 గంటల ముందు ఒకటి, 7 గంటల ముందు ఒకటి, గంట ముందు ఒకటి, దానితో అలర్జీ మాత్ర. పొద్దున తొమ్మిదికి స్కాన్ అంటే మొదటి మాత్ర ముందురోజు రాత్రి ఎనిమిదికి మీ ఊళ్ళో మీ ఇంట్లోనే పడాలన్నమాట. ఇక్కడికి వచ్చాక చెప్తే ఆ 13 గంటలు ఎక్కడి నుంచి తెస్తాం, స్కాన్ మర్నాటికి పోతుంది, మీకు లాడ్జి ఖర్చు. ఆ మాత్రలు డాక్టరు రాసిస్తేనే వేసుకోవాలి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు, షుగర్ ఉన్నవాళ్ళకి స్టెరాయిడ్‌తో షుగర్ ఎగబాకుతుంది కూడా.

అట్నే ఉబ్బసం ఉందా, గట్టి అలర్జీలు ఏవైనా ఉన్నాయా, కిడ్నీ జబ్బు ఉందా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బు ఉందా, గర్భం ఉందా లేక ఉండొచ్చేమోనని అనుమానమా, ఇవి కూడా ఫోన్లోనే చెప్పేయండి. గర్భం సంగతి మందుకన్నా ముందు ఎక్స్‌రే కిరణాల కోసం తెలియాలి, కోడలు అత్త ముందు చెప్పలేక నలిగిపోతుంటే మమ్మల్ని పక్కకి పిలిచి చెప్పొచ్చు, లేడీ స్టాఫ్ ఎవరో ఒకరు ఉంటారు.

రొయ్యలు పడని సంగతి

మా నెల్లూరు వాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. నాకు రొయ్యలు పడవు, రొయ్యల్లో అయోడిన్ ఉంటదంట కదా, ఈ మందు ఎక్కించుకోవచ్చా అని. ఎక్కించుకోవచ్చు. రొయ్య, పీత తింటే పడనిది అందులోని అయోడిన్ వల్ల కాదు, ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ వల్ల. అయోడిన్ మన థైరాయిడ్‌లోనే ఉంది, ఇంట్లో ఉప్పులో ఉంది, దానికి అలర్జీ అనేది ఉండదు. గాయానికి పూసే అయోడిన్ మందు చర్మానికి పడకపోవడం కూడా దీనికి అడ్డం కాదు. అయినా రొయ్యలు పడవని చెప్పండి, చెప్పడంలో తప్పు లేదు, అలర్జీ ఒళ్ళు అని డాక్టరుకి తెలుస్తుంది, కానీ అదొక్కటే కారణంగా ఎవరైనా స్కాన్ వద్దంటే రేడియాలజిస్టుతో ఒకసారి మాట్లాడించండి.

ఎంఆర్ఐలో ఎక్కించేది వేరే మందు, అది గడోలినియం. ఒకదానికి పడకపోతే రెండోది కూడా పడదని లెక్క కాదు, అందుకే "స్కాన్ మందు పడదు" అంటే సరిపోదు, ఏ స్కాన్‌లో ఏ మందు అనేది చెప్పాలి.

కిడ్నీ, క్రియాటినైన్, షుగర్ మాత్ర

ఎక్కించిన మందు బయటికి పోయేది కిడ్నీల నుంచే, మూత్రంలో. కిడ్నీలు బాగున్నవాళ్ళకి దీనివల్ల భయం లేదు. ముందు నుంచే బాగా దెబ్బతిని ఉన్నవాళ్ళకి మాత్రం మందు ఎక్కించాక రెండు రోజుల్లో క్రియాటినైన్, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో పెరిగే ప్రమాదం ఉంది. అందుకే బ్లడ్ టెస్ట్ రిపోర్ట్ అడుగుతారు, రిపోర్ట్ తీసుకురావడం మర్చిపోతే ఇక్కడ మళ్ళీ రక్తం తీసి రెండు గంటలు కూర్చోబెడతారు, కాబట్టి కొత్త రిపోర్ట్ ఫైల్లో పెట్టుకోండి.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. క్రియాటినైన్ నంబర్ ఒక్కటే చూసి నార్మల్ పక్కనే ఉందిలే అనుకోవద్దు. అదే 1.4 ఒక పాతికేళ్ళ కుర్రాడికి ఉంటే వాడి కిడ్నీ పనితీరు, అంటే ఈజీఎఫ్ఆర్, సుమారు 70 వస్తుంది, డెబ్బై ఏళ్ళ అవ్వకి ఉంటే సుమారు 40 వస్తుంది. డాక్టర్లు చూసేది ఈ ఈజీఎఫ్ఆర్‌నే, అది 30 కన్నా తక్కువ ఉంటేనో, కిడ్నీ ఈ మధ్యే హఠాత్తుగా దెబ్బతిని ఉంటేనో జాగ్రత్త పడతారు, ముందూ వెనకా సెలైన్ పెడతారు, లేదంటే వేరే స్కాన్ గురించి ఆలోచిస్తారు. ఉద్దానం గురించి అందరం విన్నాం కదా, కిడ్నీ పోయేటప్పుడు చాలాకాలం నొప్పి ఉండదు, ఏమీ ఉండదు. కాబట్టి నాకేం లేదు అనే మాటకి రిపోర్టే సాక్ష్యం. ఇంకొకటి, మోకాళ్ళ నొప్పులకి రోజూ మాత్రలు మింగే అలవాటు మన పెద్దవాళ్ళలో చాలామందికి ఉంది, ఆ డైక్లోఫెనాక్ లాంటివి కూడా కిడ్నీ మీద భారమే, వాటిని మాత్రల్లో లెక్క వేయరు కాబట్టి అడిగినా చెప్పరు. ఇంట్లో ఉన్న మాత్రల డబ్బా మొత్తం ఒక కవర్లో వేసుకుని వచ్చేయండి, అదే మేలు.

షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ సంగతి. ఇది కిడ్నీని పాడు చేయదు, కానీ కిడ్నీ ఆగిపోతే ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. ఈజీఎఫ్ఆర్ 30 లేక అంతకన్నా ఎక్కువ ఉండి చేతి నరంలోకే మందు ఎక్కిస్తే ఆపక్కర్లేదని ఇప్పటి గైడ్‌లైన్లు చెప్తాయి, 30 కన్నా తక్కువ ఉంటే స్కాన్ టైం నుంచి 48 గంటలు ఆపి, కిడ్నీ మళ్ళీ చూసుకుని మొదలుపెట్టమంటాయి. చాలా సెంటర్లు ఇప్పటికీ అందరికీ రెండురోజులు ఆపమని చెప్తాయి. మీ డాక్టరు ఏం చెప్తే అది చేయండి, కాకపోతే ఆపమన్నారని ఆపేసి మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడగకుండా వెళ్ళిపోయి నెల తర్వాత షుగర్ 400తో వచ్చినవాళ్ళని చూశాను, ఆ తేదీ కాగితం మీద రాయించుకోండి. మీ మాత్రలో మెట్‌ఫార్మిన్ ఉందో లేదో అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, గ్లైకోమెట్ జీపీ లాంటివాటిలో అది ఇంకో మందుతో కలిసి ఉంటుంది.

ఖాళీ కడుపు అంటే నీళ్ళు కూడా మానేయడం కాదు

ఇది చూసి నా మనసు ఎన్నిసార్లు కలుక్కుమందో. ఖాళీ కడుపుతో రండి అంటే రాత్రి ఏడింటికి తిని, తెల్లారి నాలుగింటికి లేచి, గుక్కెడు నీళ్ళు కూడా తాగకుండా, షుగర్ మాత్ర మాత్రం వేసుకుని, మే నెల ఎండలో సెంట్రల్ నుంచి ఆటోలో వచ్చి పదకొండు దాకా కుర్చీలో కూర్చుంటారు. ఎండిపోయిన ఒంటికి కిడ్నీ ప్రమాదం పెరుగుతుంది, నరం కూడా దొరకదు, ఇక షుగర్ మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ పడిపోయి చెమటలు పట్టి పడిపోతారు. ఇప్పటి మందులకి అసలు ఉపవాసమే అవసరం లేదని పెద్ద గైడ్‌లైన్లు చెప్తున్నాయి, అయినా చాలాచోట్ల నాలుగు గంటలు తినకుండా ఉండమంటారు, పొట్ట స్కాన్‌కి వేరే కారణాలు కూడా ఉంటాయి. కాబట్టి ఫోన్లోనే మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని గంటల ముందు నుంచి తినకూడదు, నీళ్ళు తాగొచ్చా, ఆ పూట షుగర్ మాత్ర లేక ఇన్సులిన్ ఎట్టా వేసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ళకి పొద్దుటి మొదటి స్లాట్ అడిగి పుచ్చుకోండి.

టేబుల్ మీద

చేతికి సూది పెడతారు, మేం వెన్‌ఫ్లాన్ అంటాం, సాధారణంగా మోచేతి మడత దగ్గర. అందులోంచి మెషిన్ సెకనుకి మూడు నాలుగు ఎంఎల్ వేగంతో మందు పంపుతుంది. ఆ ఎక్కిన అరనిమిషంలో ఒంట్లో వేడి పాకుతుంది, గొంతులో మొదలై కిందికి దిగుతుంది, నోట్లో చిలుము రుచి, కొందరికి కడుపులో తిప్పుతుంది. ఇంకోటి కూడా జరుగుతుంది, ఎవరూ చెప్పరు: తెలియకుండా మూత్రం పోసుకున్నట్టు అనిపిస్తుంది. పోయలేదు, వేడివల్ల అట్టా అనిపిస్తుందంతే. ఒక అవ్వ స్కాన్ అయ్యాక ఎంతకీ లేవలేదు, ఏమైంది అవ్వా అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంది, పక్క తడిపేశాననుకుని. పక్క పొడిగానే ఉంది. ఆ రోజు నుంచి ఈ సంగతి ముందే చెవిలో చెప్పకుండా నేను ఎవరినీ పడుకోబెట్టలేదు. మీ పెద్దవాళ్ళకి మీరే ఇంటి దగ్గర చెప్పేయండి.

వేడి, రుచి, ఒకసారి వాంతి, ఇవి అలర్జీ కాదు. కానీ చేతిలో సూది దగ్గర మంట, నొప్పి, ఉబ్బు వస్తే అది మామూలు కాదు, మందు నరంలోంచి జారి బయట చర్మం కిందికి పోతోందని అర్థం. ఇక్కడే మనవాళ్ళు ఓర్చుకుంటారు. మెషిన్ మధ్యలో మాట్లాడకూడదేమో అని పళ్ళు బిగించుకుని ఉంటే లోపల 60, 70 ఎంఎల్ పోగైపోతుంది. ఓర్చుకోవద్దు, గట్టిగా అరవండి, మేం అద్దం అవతల నుంచి వింటూనే ఉంటాం, వెంటనే ఆపేస్తాం. అట్టా జారితే చేయి ఎత్తి పెట్టి చల్లటి కాపడం పెడతాం, చాలావరకు దానంతటదే తగ్గుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కినా, బొబ్బలొచ్చినా, నొప్పి పెరుగుతున్నా మాత్రం తిరిగి రావాలి.

మాట రాదని ఆగిపోవద్దు, ఈ నాలుగు తమిళం ముక్కలు గుర్తుంచుకోండి: కై వలిక్కుదు అంటే చేయి నొప్పిగా ఉంది, అరిక్కుదు అంటే దురద, మూచ్చు విడ ముడియల అంటే ఊపిరి ఆడట్లేదు, మయక్కం అంటే కళ్ళు తిరగడం, వాంతికి వాంతే. మెషిన్ "మూచ్చై ఇళుత్తు పిడింగ" అంటే ఊపిరి పీల్చి బిగబట్టమని, "మూచ్చు విడుంగ" అంటే వదలమని.

అయిపోయాక అరగంట

స్కాన్ అయింది, ఒంటిగంట రైలుంది, సూది తీసేయండి అని తొందర పెట్టొద్దు. తీవ్రమైన రియాక్షన్లలో ఎక్కువ భాగం మొదటి ఇరవై నిమిషాల్లోనే వస్తాయి, అందుకే అరగంట అక్కడే కూర్చోమంటాం, ఆ సూది ఉంచేది కూడా అవసరమైతే మందు వెంటనే ఎక్కించడానికే. ఈ అరగంటలో దురద, దద్దుర్లు, తుమ్ములు, గొంతు బిగపట్టినట్టు ఉండటం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, కళ్ళు తిరగడం, పెదాలు ఉబ్బడం ఏది వచ్చినా చిన్నదిలే అనుకోకుండా చెప్పండి. ఊపిరి, బీపీ దెబ్బతినే రకం రియాక్షన్‌కి మొదటి మందు అడ్రినలిన్, పెద్దవాళ్ళకి తొడ పక్కన కండలోకి అర మిల్లీగ్రాము వరకు. అది అలమరలో తాళం వేసి ఉండకూడదు, చేతికి అందేట్టు ఉండాలి. సెంటర్ ఎంచుకునేటప్పుడు రేటు ఒక్కటే అడగొద్దు, కాంట్రాస్ట్ ఎక్కించే టైంకి డాక్టరు ఉంటారా, అడ్రినలిన్, ఆక్సిజన్ గదిలోనే ఉన్నాయా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అనే మొహమాటం అక్కర్లేదు, సరిగ్గా నడిపే సెంటర్‌వాళ్ళు సంతోషంగా చెప్తారు.

ఇంటికి వెళ్ళాక నీళ్ళు బాగా తాగండి, గుండె జబ్బుకో కిడ్నీకో నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు ఆ కొలతే పాటించండి. దద్దుర్లు గంట తర్వాత మొదలై వారం లోపు ఎప్పుడైనా రావొచ్చు, ఎక్కువగా తేలికవే, డాక్టరుకి చూపించండి. మొహం ఉబ్బి ఆయాసం వస్తే మాత్రం రైల్లో ఉన్నా ఇంట్లో ఉన్నా ఆలస్యం వద్దు, 108కి కొట్టండి. మూత్రం బాగా తగ్గినా అంతే, ఆసుపత్రికి పోవాల్సిందే. పాలిచ్చే తల్లులు పాలు పిండి పారబోయక్కర్లేదు, పాలలోకి పోయేది ఎక్కించిన దానిలో నూటికి ఒక వంతు కన్నా తక్కువ, అందులో బిడ్డ కడుపులోంచి రక్తంలోకి చేరేది మళ్ళీ అందులో నూటికి ఒక వంతు కన్నా తక్కువ. థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ ట్రీట్‌మెంట్ ఉందనుకుంటే ఆ డాక్టరుకి ఈ స్కాన్ సంగతి చెప్పాలి, మందులోని అయోడిన్ కొన్ని వారాలపాటు దానికి అడ్డం వస్తుంది. బేరియం తాగినవాళ్ళకి రెండు మూడు రోజులు మలం తెల్లగా వస్తుంది, గట్టిపడుతుంది, నీళ్ళు, పీచు ఉన్న తిండి తీసుకోండి.

ఒక్క కాగితం

నాయుడుపేట నుంచి ఒకాయన వచ్చాడు, పాత ఫైల్లో పెద్దక్షరాలతో "కాంట్రాస్ట్ అలర్జీ" అని రాసుంది. ఏ మందు, ఎప్పుడు, ఏం వచ్చింది, ఏమీ లేదు. ఆ పాత చోటికి ఫోన్ చేస్తే రికార్డు లేదన్నారు. ఆయనకి గడ్డ ఎక్కడిదాకా పాకిందో చూడాలి, మందు లేకుండా కనపడదు, వేరే మందు వాడదామంటే పాతది ఏదో తెలియదు. మా రేడియాలజిస్టు, ఆయన డాక్టరు మాట్లాడుకుని మాత్రలు ఇచ్చి రెండోరోజు చేశారు, బాగానే అయింది, కానీ ఆ ఇంటివాళ్ళు ఆ రెండురోజులు పడ్డ భయం నేను పక్కనే ఉండి చూశాను. సీసా మీద ఉన్న పేరు ఎవరైనా ఒక్క ముక్క రాసిచ్చి ఉంటే అదేదీ ఉండేది కాదు.

అందుకని స్కాన్ అయ్యాక, రియాక్షన్ వచ్చినా రాకపోయినా, టెక్నీషియన్‌ని మందు పేరు అడగండి, సీసా లేబుల్ ఫోన్లో ఫోటో తీసుకోండి, మేం కాదనం. బ్రాండ్ పేరు కాకుండా అసలు మందు పేరు కూడా ఉండేట్టు చూసుకోండి, బ్రాండ్లు మారతాయి. పర్సులో ఆధార్ కార్డుతోపాటు పెట్టుకునే కాగితం ఇట్టా ఉంటే చాలు:

తేదీ, ఊరు. పొట్ట సీటీ. అయోహెక్సాల్ 350, 80 ఎంఎల్. పది నిమిషాలకి ఛాతీ మీద, చేతుల మీద దద్దుర్లు, ఆయాసం లేదు, బీపీ పడలేదు. అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చారు, గంటలో తగ్గింది. క్రియాటినైన్ 0.9.